లావెండర్ మొక్క మొదలు దగ్గర నల్లబడుతోంది, కాపాడుకోవచ్చా? (బెంగళూరు బాల్కనీ)

ప్రశ్న (మారతహళ్ళి): నమస్కారమండీ. ఆగస్టులో తెచ్చిన లావెండర్ మొక్కను కవర్లోని వేళ్ళ మట్టిగడ్డతో సహా 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలోకి మార్చాం. పైన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ సగం సగం కలిపి నింపాం. రోజూ ఉదయం ఒక మగ్గు నీళ్ళు. ఇప్పుడు కింది ఆకులు నల్లబడి రాలుతున్నాయి, చిగుళ్ళు వాలిపోతున్నాయి. నీళ్ళు చాలడం లేదేమోనని సాయంత్రం కూడా పోస్తున్నాం. తూర్పు బాల్కనీ, 11 గంటల దాకా ఎండ ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు (మిద్దెతోట, బనశంకరి): ముందు నీళ్ళు పూర్తిగా ఆపేయండి. నీళ్ళు తక్కువైనా ఎక్కువైనా చిగుళ్ళు వాలతాయి, అక్కడే అందరూ పొరబడతారు. కుండీ ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే దాహం, బరువుగా ఉండి కూడా మొక్క వాలితే వేరు కుళ్ళు. మీరు చెప్పిన లక్షణాలు రెండోదానివి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు, అందుకే తడిలో ఉండి కూడా మొక్క ఎండిపోతుంది.

ఇప్పుడు గోరుతో మొదలు దగ్గర బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉంది. గోధుమరంగుకు తిరిగితే ఆ మొక్కను వదిలి, కొమ్మల చివర్లు పచ్చగా ఉంటే కత్తిరింపులు (కొత్త మొక్కకు నాటే కొమ్మ ముక్కలు) తీసుకోండి. పచ్చగా ఉంటే గడ్డను బయటికి తీసి, మెత్తగా నల్లగా ఉన్న వేళ్ళన్నీ కత్తిరించేయండి. తెల్లగా గట్టిగా ఉన్నవే ఉంచాలి. వేళ్ళు తగ్గాయి కాబట్టి పై కొమ్మల్నీ మూడో వంతు తగ్గించండి, ఆకులున్న చోటే కత్తెర పెట్టి.

తిరిగి నాటడానికి గడ్డకంటే 2 అంగుళాలే వెడల్పు ఎక్కువున్న మట్టి కుండీ చాలు. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇస్తే వేళ్ళు చేరని మట్టిలో తడి రోజుల తరబడి ఆరదు. ఎర్రమట్టి 2 పాళ్ళు, ముతక ఇసుక 2 పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) 1 పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు. కోకోపీట్ అసలు వద్దు. ఎం-శాండ్ (రాళ్ళు పొడిచేసి తయారుచేసే ఇసుక) వాడితే దుమ్ము పోయేదాకా కడగండి, లేకపోతే అది సిమెంటులా బిగుస్తుంది. అడుగున కంకర పొర వేయకండి, తడి దాని పైనే ఆగిపోయి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద ఒక పెంకు చాలు. కుండీని రెండు ఇటుకల మీద పెట్టండి, కింద పళ్ళెం తీసేయండి.

జవాబు (జయనగర్): మట్టి పాళ్ళు బాగున్నాయి. ఒక్క మాట చేర్చాలి. బెంగళూరు ఎర్రమట్టి చాలా చోట్ల కొంచెం ఆమ్లంగా ఉంటుంది, లావెండర్‌కు తటస్థం నుంచి కొద్దిగా క్షారం వైపు ఉన్న మట్టి నచ్చుతుంది. వీళ్ళు బోరు నీళ్ళు పోస్తుంటే సున్నం అక్కర్లేదు, ఆ నీళ్ళలోనే ఉంటుంది. కావేరి నీళ్ళయితే కుండీకి ఒక చెంచా డోలమైట్ (సున్నం ఉన్న రాయి) పొడి కలపండి.

ప్రశ్న (మారతహళ్ళి): ధన్యవాదాలండీ. బోరు నీళ్ళే. గీకితే పచ్చగానే ఉంది. ఆకుల అంచులు రంపంలా ఉన్నాయి. ఇది అసలు లావెండరేనా? ఇంకొకటి, విత్తనాలు వేస్తే తేలికా?

జవాబు (మిద్దెతోట, బనశంకరి): అసలుదేనండీ. రంపపు అంచుంటే లావాండులా డెంటాటా, ఫ్రెంచ్ లావెండర్ అంటారు. మన ఊరికి ఇదే మేలు. నూనె కోసం జమ్మూ వైపు భదర్వాహ్‌లో పండించేది అంగుస్టిఫోలియా అనే మరో లావెండర్ రకం, దానికి పూత రావాలంటే చలికాలంలో గట్టి చలి కావాలి. ఇక్కడి డిసెంబరు రాత్రులు దానికి చాలవు, ఆకులు పెరుగుతాయి గానీ పూలు అరుదు. డెంటాటా చలి లేకున్నా పూస్తుంది. వాసనలో కర్పూరపు ఘాటుంటుంది, కాబట్టి టీలో, వంటలో వాడకండి. బట్టల బీరువాలో పెట్టుకోవడానికి బాగుంటుంది.

విత్తనాల జోలికి పోవద్దు. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో 3, 4 వారాలు ఉంచి వేసినా మొలకలు ఆలస్యంగా, అరకొరగా వస్తాయి. కత్తిరింపులే నయం. పూత లేని లేత కొమ్మను 3, 4 అంగుళాలు, కణుపు కిందుగా కోసి, కింది సగం ఆకులు తీసి, ఇసుక పెర్లైట్ సమంగా కలిపిన దాంట్లో గుచ్చండి. నీడలో, గాలి తగిలేచోట 4 నుంచి 6 వారాలు. కవరు కప్పకండి, బూజు పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

ప్రశ్న (మారతహళ్ళి): ఇకముందు నీళ్ళు ఎప్పుడు పోయాలి? పేడ ఎరువు వేయొచ్చా?

జవాబు (జయనగర్): మట్టిలో వేలు 2 అంగుళాలు గుచ్చి పొడిగా ఉంటేనే, మొక్క మొదలు దగ్గర, ఆకులు తడవకుండా పోయండి. ఏప్రిల్ ఎండల్లో రెండు మూడు రోజులకోసారి రావచ్చు, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో వారమైనా అవసరం పడకపోవచ్చు. ఆ రెండు నెలలు కుండీని చూరు కిందికి జరపండి. పేడ వద్దండీ, నత్రజని ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగి పడిపోతాయి, పూత తగ్గుతుంది. ఏడాదికి ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. ఎండ మాత్రం తక్కువే. 11 వరకంటే నాలుగైదు గంటలు, కనీసం 6 కావాలి. వీలైతే మిద్దె మీదికి చేర్చండి, అయితే కొత్తగా నాటాక మొదటి వారం నీడలో ఉంచి మెల్లగా ఎండకు అలవాటు చేయండి.