బధిరుల బడిలో పాత చార్టులు, అద్దం: దాచాలా, పారేయాలా?

పెరంబూరు అమ్మ:
మా బాబుకి 7 ఏళ్లు, పుట్టుకతోనే వినపడదు. ఇక్కడ చెన్నైలో వాడి బడిలో పాత బీరువా ఖాళీ చేస్తున్నారు. నిలువుటద్దం, పెదవులూ నాలుకా గీసిన చార్టులు, ఊదించే ఈకలు, కొవ్వొత్తులు, అన్నీ నోటిమాట నేర్పే సామానే. ఏం చేద్దామని అడిగితే 'పారేయండి' అన్నదాన్ని నేనే. రాత్రి నుంచి మనసు పీకుతోంది. తప్పు చేశానా?

మాంబలం టీచర్:
తొందరపడ్డారమ్మా. ఇంకో బడిలో 30 ఏళ్లు ఆ సామానుతోనే పాఠం చెప్పాను. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి. ఈక ఎగిరితే ప. గొంతు మీద చెయ్యి పెడితే బకి అదురు తెలుస్తుంది. ముక్కు పక్కన వేలు పెడితే మ. తమిళంలో ప, బలకు అక్షరం ఒకటే కదా, మన తెలుగు పిల్లల కోసం చార్టు పక్కన బ రాసి అంటించేదాన్ని.

వేళచేరి చేతులు:
టీచరుగారూ, మీ ప్రేమను కాదనను. కానీ అలాంటి అద్దం ముందు కూర్చున్నవాణ్ని నేను. చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవాళ్లు. 'ప' పలకడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో వాన ఎందుకు పడుతుందో నాకెవరూ చెప్పలేదు. నాన్న ఎక్కడికెళ్లాడని అడగడానికి కూడా నాకు భాష లేదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో, బధిరుల చదువు మీద జరిగిన మహాసభలో దాదాపు అందరూ వినగలిగినవాళ్లే కూర్చుని, బధిరుల బడుల్లో సైగలకన్నా నోటిమాటే మేలని తీర్మానించారు. ఆ తీర్మానం చివరికి నా వేళ్ల మీద పడింది. అదే మహాసభల వరసలో 2010లో వాంకూవర్‌లో దాన్ని తిరస్కరించారు. 130 ఏళ్లు! పారేయండమ్మా.

అడయార్ పుస్తకాలు:
పారేస్తే ఆ దెబ్బలకు సాక్ష్యం కూడా పోతుంది తమ్ముడూ. 1620లో మాడ్రిడ్‌లో హువాన్ పాబ్లో బోనెట్ అచ్చువేయించిన పుస్తకం కూడా బధిరులకు మాట నేర్పడానికే. అందులో అక్షరానికో చేతి బొమ్మ ఉంది. ఆ ఒంటిచేతి అక్షరాలు పారిస్‌లో లెపే అనే మతగురువు నడిపిన బధిరుల బడికీ, అక్కణ్నుంచి అమెరికాలో 1817లో మొదలైన హార్ట్‌ఫర్డ్ బధిరుల బడికీ చేరి, అమెరికా బధిరుల సొంతమయ్యాయి. (మన సైగ భాషలో ఇంగ్లీషు అక్షరాలకు రెండు చేతులూ కావాలి, అది బ్రిటిష్ దారి.) బోనెట్ పుస్తకాన్ని ఎవరో చెత్తలో వేసి ఉంటే ఆ చేతి బొమ్మలు మనం చూసేవాళ్లమా?

వేళచేరి చేతులు:
సరే, దాచండి. లైబ్రరీలో, తరగతిలో కాదు. అద్దం ఒక్కటే తరగతిలో ఉండనివ్వండి. సైగ భాషలో అవునా కాదా అని అడగాలంటే కనుబొమలు పైకి లేవాలి, మాకది వ్యాకరణం. పిల్లలు తమ ముఖం చూసుకుని నేర్చుకోవాలి. ఢిల్లీలోని సైగ భాషా కేంద్రం నిఘంటువులో 2021కే 10 వేల పదాలున్నాయి, ఆ వీడియోలు పక్కనే పెట్టండి.

మాంబలం టీచర్:
వినికిడి మిషన్‌తో కాస్త వినగలిగే పిల్లలకు నా ఈక ఇప్పటికీ పనికొస్తుంది, దాని మీద తగ్గను. చేతులు మాత్రం ఎవరూ పట్టుకోకూడదు. ఒప్పుకుంటున్నాను.

పెరంబూరు అమ్మ:
హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఫోన్ చేశాను. పాత సామాను బండి శనివారం వస్తుందట, ఆపమన్నాను. ఇందాక బాబుని మా ఇంటి బీరువా అద్దం ముందు నిలబెట్టాను. కనుబొమలు ఎత్తి, 'తిందామా?' అని అడిగాడు.