కుండల బట్టీ తలుపుకు ఏ అద్దం ఆగుతుంది?

మాది దేవరకొండ దగ్గర, నల్లగొండ జిల్లా. చిన్న గ్యాస్ బట్టీ, ఫైర్ బ్రిక్ గోడ, వేడి 1000 డిగ్రీల దాకా. లోపల 06 కోన్ (సుమారు 1000 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగే చిన్న మట్టి సూచిక) వంగిందో లేదో చూడటానికి తలుపులో 2 అంగుళాల రంధ్రం ఉంది. దానికి అడ్డం పెట్టిన ఇటుక ముక్క తీస్తే చాలు, సెగ మొహానికి కొడుతోంది. అందుకే అద్దం బిగిద్దామని చూస్తున్నాను.

బోరోసిలికేట్ (వంట పాత్రల్లో వాడే, వేడికి ఓర్చే గాజు) బిళ్ల పెడితే 800 దాటాక మధ్యలో మెత్తబడి లోపలికి వంగింది, చల్లారేటప్పుడు ఫట్‌మని పగిలింది. మైకా రేకు తెల్లబడి పొరలు పొరలుగా లేచింది. అందులోంచి మంట వెలుగు తప్ప కోన్ ఆనవాలే తెలియదు.

ఇక మిగిలింది క్వార్ట్జ్ గ్లాస్. దాని ధర వింటేనే టెన్షన్! చుట్టూ సిరామిక్ ఫైబర్ (వేడిని ఆపే దూది లాంటిది) పెట్టి, ఇనుప రింగు వ్యాకోచానికి కాస్త సందు వదిలి, తలుపు బయటి వైపు బిగించాలని ఆలోచన. వాడినవాళ్లు చెప్పండి, ఈ రంధ్రానికి ఎంత మందం క్వార్ట్జ్ బిళ్ల తీసుకోవాలి?