ఒక్క పాత సినిమాతో మొదలుపెట్టాలంటే: మల్లీశ్వరా, మాయాబజారా?

కొత్తప్రేక్షకురాలు:
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నెలకో పాత తెలుగు సినిమా వేద్దామనుకుంటున్నాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలు. నలుపు తెలుపు సినిమా మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూసినవాళ్లు వాళ్లలో దాదాపు లేరు. మొదటిది నచ్చకపోతే రెండో నెల హాలు ఖాళీగా ఉంటుందని నా టెన్షన్. కమిటీలో చర్చించాక రెండు పేర్లు మిగిలాయి: మల్లీశ్వరి (1951), మాయాబజార్ (1957). సగం మంది అటు, సగం మంది ఇటు. ఇక్కడ పాత పాటల గురించి బాగా తెలిసినవాళ్లున్నారు. ఏది ముందు వేయాలో, ఎందుకో చెప్పండి. రెండూ గొప్పవే అని మాత్రం వదిలేయకండి.

కృష్ణాతీరం:
ఆలోచించే పనే లేదండీ, మాయాబజార్. పాండవులు ఒక్క సీనులో కూడా కనిపించకుండా పాండవుల ఇంటి కథ నడిపించారు కె.వి. రెడ్డి గారు. మూడు గంటలు చూసి బయటికొచ్చాక ఎవరైనా చెబితే తప్ప ఆ సంగతి మనకు తట్టదు. కథ అంత బిగువుగా ఉంటుంది. పిల్లలకు ముందుగా ఏ వివరణా ఇవ్వక్కర్లేదు. ఘటోత్కచుడు వంటశాలలోకి అడుగుపెట్టి "వివాహ భోజనంబు" ఎత్తుకోగానే హాలంతా మీ చేతిలో ఉంటుంది.

ఇక సావిత్రి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నటించిన భాగం చూడండి. నడక మారుతుంది, భుజాలు మారతాయి, చూపు మారుతుంది. "అహ నా పెళ్ళియంట"లో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూసుకొచ్చే చోట ఆవిడ ముఖం చూస్తే, ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు లోపల దాక్కున్నాడనే అనిపిస్తుంది. నటన అంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క పాట చాలు.

సాలూరి_అభిమాని:
కృష్ణాతీరం గారూ, సావిత్రి గురించి మీరన్న ప్రతి మాటా ఒప్పుకుంటాను. అయినా నా ఓటు మల్లీశ్వరికే. మాయాబజార్‌ని ఈ పిల్లలు ముక్కలు ముక్కలుగా ఇప్పటికే చూసేశారు. పండగ రోజు టీవీలో, ఫోన్‌లో చిన్న వీడియోల్లో, పెళ్లి భోజనాల దగ్గర మోగే పాటలో అది వాళ్లకు చేరింది. మల్లీశ్వరి చేరలేదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చూపిస్తేనే చేరుతుంది. నెలకో సినిమా వేయడం అందుకే కదా.

అసలు కారణం వేరే ఉంది. పాట సినిమాలో ఏం చేయగలదో మల్లీశ్వరి చూపించినంత స్పష్టంగా మరో తెలుగు సినిమా చూపించలేదని నా గట్టి నమ్మకం. కథ క్లుప్తంగా చెబుతాను. నాగరాజు, మల్లి బావామరదళ్లు. ఒకరోజు బండి మీద ఊరికి తిరిగొస్తుంటే వాన ముంచుకొస్తుంది. "పరుగులు తీయాలి" అంటూ గిత్తల్ని తొందరపెడతారు. ఆ పాటలో ఘంటసాల, భానుమతి గొంతుల్లో ఉన్నది ఉత్త సంతోషం. దాక్కోవడానికి ఆగిన చోట మల్లి "పిలచిన బిగువటరా" అని ఆడుతుంది. అక్కడ మారువేషంలో ఉన్నది శ్రీకృష్ణదేవరాయలు, వెంట అల్లసాని పెద్దన. ఆ సంగతి తెలియని నాగరాజు, ఈ పిల్లకు రాణివాసం పల్లకీ పంపించమని సరదాగా అంటాడు. కొన్నాళ్లకు పల్లకీ నిజంగానే వస్తుంది.

చూడండి, బండి పాట వాళ్లను అక్కడికి చేర్చింది. ఆట పాట రాజు కళ్లలో పడేసింది. పాటలు తీసేస్తే ఇక్కడ కథ లేదు. "ఆకాశ వీధిలో" వచ్చేసరికి ఆమె ఒకచోట, అతను మరోచోట, మధ్యన కబురు మోసేది మేఘం. మేఘసందేశంలో యక్షుడు మేఘంతో కబురు పంపినట్టు రాసిన కాళిదాసు ఊహను దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒక పల్లెటూరి పిల్ల నోట ఎంత సహజంగా పెట్టారో! యక్షుడి మాటలు కావవి, బావ కోసం బెంగపెట్టుకున్న మల్లి మాటలు. సినిమాకు ఆయన రాయడం అదే మొదలు.

తర్వాత "మనసున మల్లెల మాలలూగెనే". చాన్నాళ్ల ఎడబాటు తర్వాత బావను కలుసుకున్న మల్లి పాడే పాట. కళ్యాణి రాగం. ఇన్నాళ్లూ ఆకు కదిలినా, అల కదిలినా నువ్వే వచ్చావనుకున్నానని చెప్పుకుంటుంది. సాలూరి రాజేశ్వరరావు గారు ఆ పాటలో ఎక్కడా వాద్యాలతో గొంతును కప్పలేదు. ఆ సినిమా వాద్యగోష్ఠి కూర్పులో అద్దేపల్లి రామారావు గారి చెయ్యి కూడా ఉంది. ఆ పేరు ఎవరూ తలుచుకోరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పాడింది భానుమతి, నటించిందీ ఆవిడే. పెదవి ఒకరిది, ఊపిరి మరొకరిది కాదు. "ఎన్నినాళ్ళకీ బ్రతుకు పండెనో" అన్నప్పుడు ఆ ముఖంలో కనిపించే నిండుతనం నేపథ్యగానంతో రావడం కష్టం.

ఆ పాట ఒక్కటి పిల్లల్లో నలుగురికి ఎక్కినా మీ క్లబ్ నిలబడుతుంది.

వెన్నెల_రీలు:
ఏది ముందు వేసినా ఒక్క విన్నపం. మాయాబజార్ వేస్తే రంగులద్దిన ప్రతి తేకండి. 2010లో రంగుల్లో థియేటర్లకు వచ్చినప్పుడు జనం బాగానే చూశారు, కాదనను. కానీ అందులో "భళి భళి దేవా" పాట లేదు, పద్యాలు చాలావరకు పోయాయి. పద్యం లేని పౌరాణికం కొత్తవాళ్లకు చూపిస్తే, పౌరాణికమంటే ఇంతే అనుకుంటారు.

ఇంకోటి, మార్కస్ బార్ట్‌లే కెమెరా. "లాహిరి లాహిరి లాహిరిలో" పాటలో నీళ్ల మీద వెన్నెల ఉంది చూశారూ, అది నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న ఛాయలన్నీ వాడుకొని ఆయన తయారుచేసిన వెన్నెల. అదే పడవలో ముందు అభిమన్యుడూ శశిరేఖా, తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. పాట ఒకటే, దంపతుల వయసును బట్టి దాని రుచి మారుతూ పోతుంది. దాని మీద నీలం రంగు పూస్తే ఆ ఛాయలన్నీ ఒకే ముద్ద అయిపోతాయి.

గ్రామఫోను:
సాలూరి వర్సెస్ ఘంటసాల అన్నట్టు చర్చ నడుస్తోంది కాబట్టి చెబుతున్నాను. మాయాబజార్‌కి మొదట సంగీత దర్శకుడు సాలూరి వారే. నాలుగు పాటలకు వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. "లాహిరి లాహిరి లాహిరిలో", "చూపులు కలసిన శుభవేళ" వాటిలోవే. ఆ నాలుగింటికీ వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించినదీ, మిగతా పాటలు కట్టినదీ ఘంటసాల. పేరు కూడా ఆయనదే పడింది. అంటే అభిమాని గారు మల్లీశ్వరిలో వెతుక్కుంటున్న ఆ మెత్తదనం మాయాబజార్‌లోనూ ఉంది, దాని పక్కనే మాధవపెద్ది సత్యం గారి "వివాహ భోజనంబు" హుషారు కూడా ఉంది. ఒకే టికెట్టు మీద రెండూ దొరుకుతుంటే ఒకటే ఎందుకు?

మాటల్లో మాట. మిస్సమ్మలో (1955) కథానాయిక వేషం ముందు భానుమతి గారిది. నిర్మాత చక్రపాణి గారితో పొసగక ఆవిడ బయటికొచ్చాక అది సావిత్రికి దక్కింది. రెండేళ్లకు అదే విజయా సంస్థలో సావిత్రి శశిరేఖ. ఈ రెండు సినిమాలు వరసగా చూపించి, మధ్యలో మిస్సమ్మ వేస్తే ఇద్దరు మహానటుల దారులు ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయాయో పిల్లలకు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పైగా అందులోనూ సాలూరి వారే: "రావోయి చందమామ", "బృందావనమది అందరిది".

ఓరుగల్లు_పాట:
అన్నలూ అక్కలూ, తప్పక చూడాల్సిన పాత తెలుగు సినిమా అనగానే చర్చ మద్రాసు స్టూడియోల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? రాయల కొలువు, ద్వారక నగరం, ఇవే మన సినిమానా? గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు గారు నిర్మించిన మా భూమి చూపించండి. కిషన్ చందర్ నవల ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసింది. అందులో "బండెనక బండి గట్టి" పాడుతూ గద్దర్ తెర మీదికి వస్తే ఒళ్లు జలదరిస్తుంది. బండి యాదగిరి పాట అది, సినిమా కోసం పుట్టింది కాదు, జనంలో పుట్టి సినిమాలోకి వచ్చింది. సుద్దాల హనుమంతు గారి "పల్లెటూరి పిల్లగాడా" విన్నాక పశువులు కాసే పిల్లవాడి బతుకు మరిచిపోవడం కష్టం. పాట సినిమాలో ఏం చేయగలదని అభిమాని గారు అడిగారు కదా, దానికి నా జవాబు ఇది.

ఇర్వింగ్_తెలుగు:
నేను టెక్సాస్‌లో ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి రెండూ చూపించాను. మాయాబజార్‌కి ఒక్కరూ లేవలేదు. సుభద్ర విల్లందుకొని ఘటోత్కచుడికి ఎదురు నిలిచే సీను మళ్లీ వేయమన్నారు. మల్లీశ్వరి మొదటి అరగంటలో మా చిన్నవాడు ఫోన్ తీశాడు. పెద్దమ్మాయి మాత్రం చివరిదాకా చూసి ఏడ్చింది. గుంపుకు చూపించాలంటే మాయాబజార్, ఒక్క మనిషికి చూపించాలంటే మల్లీశ్వరి అని నా అభిప్రాయం.

సాలూరి_అభిమాని:
ఓరుగల్లు_పాట గారూ, మీ మాట కాదనే దమ్ము నాకు లేదు. మా భూమి పాటలు కథకు ఆభరణాలు కావు, కథ నడిచే నేల అవే. దాన్ని ఈ రెండింటి పక్కన ఒక నెల వేసి తీరాలి.

ఇర్వింగ్ గారూ, మీ పెద్దమ్మాయి ఏడ్చిందన్నారు చూడండి, నాకు అది చాలు. క్లబ్‌హౌస్‌కి యాభై మంది వచ్చి నవ్వి వెళ్లిపోతే అది ఒక మంచి సాయంత్రం అవుతుంది. అందులో ఒకరిద్దరు ఇంటికెళ్లి భానుమతి పాటలు వెతుక్కుంటే, రెండో నెల వాళ్లే స్నేహితుల్ని తీసుకొస్తారు. నెమ్మదిగా ఉందన్నది నిజమే. కానీ ఆ నెమ్మది కావాలని పెట్టుకున్నది. బి.ఎన్. రెడ్డి గారు మల్లి, నాగరాజుల బాల్యం మీద, గుడి మీద, బండి మీద అంత సమయం ఖర్చుపెట్టకపోతే పల్లకీ వచ్చిన రోజు మనకు అంత నొప్పి కలగదు.

గ్రామఫోను గారూ, ఆ నాలుగు వరసల సంగతి నా వాదనకే బలం. మాయాబజార్‌లో మీరు ఎక్కువగా పాడుకునే పాటలేవో ఒకసారి చూసుకోండి.

గ్రామఫోను:
పాడుకునేవి ఆ నాలుగే కావచ్చు. కానీ "లాహిరి" వాద్యాల అల్లిక తీసేసి ఉత్త వరస వినండి, సగం పోతుంది. ఆ సగం ఘంటసాలది. నా మాట మీదే ఉన్నాను.

కొత్తప్రేక్షకురాలు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నేనూ మా అత్తయ్యా కూర్చుని మల్లీశ్వరి మళ్లీ చూశాం. మొదటి నెల అదే వేస్తున్నాం. సినిమాకు ముందు ఉపన్యాసం ఏదీ పెట్టడం లేదు, పాటల సాహిత్యం మాత్రం ఒక కాగితం మీద అచ్చు వేసి ఇస్తాం. రెండో నెల మాయాబజార్, నలుపు తెలుపుల్లోనే. మూడోది మా భూమి. మంచి ప్రింటు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

కృష్ణాతీరం:
నేనింకా ఒప్పుకోలేదమ్మా. మొదటి నెల ఎంతమంది చివరిదాకా ఉన్నారో, రెండో నెల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.