ఈ గలాపగోస్ ఫించ్ (పిచ్చుక లాంటి చిన్న పిట్ట) లార్జ్ గ్రౌండ్ ఫించా, మీడియం గ్రౌండ్ ఫించా? ఎలా తేల్చాలి?

శాంటాక్రజ్ దీవిలో టోర్టుగా బే దారిలో, జూలైలో ఉదయం ఏడింటికి తీసిన ఫొటోలు. గారువా (అక్కడ ఆ కాలంలో పడే సన్నటి మంచు తుంపర) వల్ల వెలుతురు తక్కువే గానీ ముక్కు స్పష్టంగా పడింది: మొదలు దగ్గర బాగా లావు, ఎత్తు ఇంచుమించు పొడవంత. మగదే, ఒళ్లంతా నలుపు, బ్రహ్మజెముడు చెట్ల కింద గట్టి గింజని ముక్కులో పక్కకి తిప్పుకుని పగలగొడుతోంది. పక్షుల యాప్ ఒక ఫొటోకి లార్జ్ గ్రౌండ్ ఫించ్ అంటోంది, అదే పిట్ట ఇంకో ఫొటోకి మీడియం అంటోంది. గైడ్ పుస్తకంలో బొమ్మలతో పోల్చి చూసినా తేలలేదు, ఎందుకంటే ఈ దీవిలో మీడియం వాటి ముక్కులే చిన్నా పెద్దా రకరకాలు (పరిశోధకులకి పండగ, మనకి తలనొప్పి). కూత రికార్డింగ్ లేదు. ముక్కు సైజు కాకుండా, పక్క నుంచి తీసిన ఫొటోలో ఈ రెండిటినీ నమ్మకంగా విడదీసే గుర్తు ఏదైనా ఉందా?