చేను ఉప్పెక్కుతోంది: బోరు వెయ్యాలా, చెరువుకి లీజుకివ్వాలా?

చివరాయకట్టు:
మాది మలికిపురం వైపు, సముద్రానికి దగ్గర ఊరు. ఎకరంన్నర చేను, ఆనుకుని అరెకరం కొబ్బరి దొడ్డి. దాళ్వా (రబీ వరి) నీళ్లు మా దాకా వచ్చేసరికి నారు ముదిరిపోతోంది. ఈసారి ఊడ్చిన చేను దుబ్బు కట్టకుండానే ఆకు కొసలు మాడాయి. ఎండల్లో గట్టు వార తెల్లగా పెట్లు కడుతోంది, నాలిక మీద వేసుకుంటే ఉప్పే. దొడ్డిలో మురుగు డ్రెయిన్ వైపు వరసకి మొవ్వు సన్నబడింది. దింపుకి మునుపటి కాయలో సగం కూడా రావట్లేదు.

అవతల కమతాలు ఇప్పటికే వనామి రొయ్యల చెరువులయ్యాయి. మా చేనూ లీజుకి అడుగుతున్నారు, వరిలో మిగిలేదాని కంటే ఎక్కువే ఇస్తారట. తమ్ముడు లోతు బోరు వేద్దామంటాడు. ఎరువుల కొట్టాయన జిప్సం చల్లమంటాడు. నాన్నగారు దేనికీ తల ఊపరు. ఏం చెయ్యమంటారు?

లస్కరుగారబ్బాయి:
ముందు బోరు మాట మానుకోండి. మన ఇసక పొరల్లో తీపి నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక్క అడుగు తీపి నీరు నిలిస్తే, అది కింద దాదాపు 40 అడుగుల దాకా ఉప్పుని అదిమిపెడుతుంది. అంటే మోటారు పెట్టి పైన అడుగు దించేస్తే కింద ఉప్పు ఎంత ఎగబాకుతుందో లెక్కేసుకోండి. సముద్రం పెరిగేకొద్దీ ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. మా చుట్టాలింట్లో బోరు మొదట్లో తియ్యగానే పోసింది. ఇప్పుడు ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోతాయి.

జిప్సం కారు చౌడుకి, అంటే క్షారం ఎక్కువైన నేలకి. మీది పాల చౌడులా ఉంది, అంటే తెల్లగా ఉప్పు పేరిన నేల, దానికి జిప్సం దండగ. తీపి నీరు పెట్టి, రెండు మూడు రోజులు నిలగట్టి, మురుగులోకి తీసెయ్యడమే మందు. మే నెల మట్టి తీసి పరీక్షకివ్వండి. ఇ.సి. (మట్టిలో ఉప్పు కొలత) 4 దాటితే చౌడు కిందే లెక్క, వరి అంతకంటే ముందే నీరసపడుతుంది. సార్వాకి (ఖరీఫ్ వరికి) ముందు పచ్చిరొట్టగా జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నండి. విత్తనం ఉప్పుని తట్టుకునేది వెయ్యాలి, మార్టేరు పరిశోధన కేంద్రం వారి ఎంటీయూ 1061 గానీ, మచిలీపట్నం కేంద్రం వారి ఎంసీఎం 100 గానీ అడిగి చూడండి.

అయితే మురుగు పారితేనే కదా ఉప్పు పోయేది! అసలు గొడవంతా అక్కడే. డ్రెయిన్ ఉప్పునీటిలో కలిసే మొగ దగ్గర తలుపులు పోటుకి మూసుకోవాలి, పాటుకి తెరుచుకోవాలి. అవి తుప్పు పట్టి, తూడూ కిక్కిసా లాంటి కలుపు అడ్డం పడితే పోటు నీరు తిన్నగా మీ చెట్ల వేళ్ల దాకా వచ్చి కూర్చుంటుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరి మోడులైంది ఇలాగే. 2022లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (పంట వెయ్యం) అన్నప్పుడూ మురుగు కాలువలు బాగుచెయ్యమన్నది పెద్ద కోరిక. అర్జీ మీరొక్కరే ఇస్తే మూలన పడుతుంది. ఆ డ్రెయిన్ కింద ఉన్న రైతులందరి సంతకాలతో ఇవ్వండి.

రొయ్యల రైతు:
నేనూ చెరువులవాణ్ణే, అయినా చెబుతున్నాను. లీజు ఇచ్చేముందు రెండు అడగండి. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు ఎక్కడికి వదులుతారు? గడువు తీరాక గట్లు కోసి చేను చదును చేసేది ఎవరు? మాట తప్ప కాగితం మీద రాసిచ్చినవాణ్ణి నేను చూడలేదు. పైగా వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులు చెయ్యకూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రేపు గొడవైతే పట్టా మీ పేరు మీదే ఉంటుంది. రేటు పడిపోయిన ఏడాది లీజు డబ్బులకి మీరే తిరగాలి.

చివరాయకట్టు:
ఇద్దరికీ థాంక్సండీ. మొగ దగ్గరికి వెళ్లి చూశాం. తలుపు కింద జానెడు సందు, అందులోంచి పోటు నీరు బుసబుసా వస్తోంది. అర్జీకి సంతకాలు మొదలెట్టాం. బాగుచేసేలోపు మా మురుగుబోదె వరకైనా ఆపుకోగలమా?

లస్కరుగారబ్బాయి:
ఆయ్, ఆపొచ్చు. బోదె డ్రెయిన్లో కలిసేచోట బంకమట్టితో అడ్డుకట్ట వేసి, అడుగున ఒక పీవీసీ గొట్టం పెట్టండి. డ్రెయిన్ వైపు కొసకి పాత లారీ ట్యూబు ముక్క పైఅంచు మాత్రం బిగించి మూతలా వేలాడదియ్యండి. చేలో నీరు తోసుకుని పోతుంది, పోటు నీరు వస్తే మూత నొక్కుకుపోతుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, ఆ నాలుగు రోజులూ వెళ్లి చూసుకోండి. ఎండ్రకాయలు కట్టకి బొరియలు పెడతాయి.