ఐదుగురం, 16 వారాలు, 4 నిమిషాల 2డీ ఫిల్మ్: పని ఎలా పంచుకోవాలి?

పెన్సిల్‌ముక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ యానిమేషన్ మూడో సంవత్సరం. ఈ సెమిస్టర్‌కి గ్రూప్ ఫిల్మ్ ఇచ్చారు, జ్యూరీకి 16 వారాలు ఉంది. పాత్రలు 2డీ, బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు గీసే గ్రీజ్ పెన్సిల్ టూల్‌తో. బ్యాక్‌గ్రౌండ్లు 3డీ. నిడివి 4 నిమిషాలు అనుకున్నాం, డైలాగులు తెలుగులో. గీసేవాళ్లం ముగ్గురం, ఒకరు 3డీ, ఇంకొకరు ఎడిటింగ్, సౌండ్.

షాట్లవారీగా పంచుకోవాలా, లేక ఒకరు రఫ్ (కదలిక మొదటి చిత్తు), ఒకరు క్లీనప్ (దాని మీద శుభ్రమైన గీత), ఒకరు కలర్ అనుకోవాలా? ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలా? తెలుగు లిప్ సింక్‌కి టూల్ ఏమైనా ఉందా? స్టోరీబోర్డు అయిపోయింది. యానిమేటిక్ (స్టోరీబోర్డు బొమ్మల్ని సౌండ్‌తో, టైమింగ్‌తో పేర్చిన వీడియో) ఇంకా చేయలేదు, బ్యాక్‌గ్రౌండ్ మోడలింగ్ మాత్రం మొదలుపెట్టేశాం.

లైట్‌టేబుల్

మోడలింగ్ ఇవాళే ఆపండి. యానిమేటిక్ ఖరారు కాకుండా కట్టిన సెట్లో సగం కెమెరాకి కనిపించదు, కనిపించాల్సిన మూల తయారై ఉండదు.

ముందు నిడివి లెక్క చూడండి. 4 నిమిషాలంటే 240 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 5,760 ఫ్రేములు. టూస్ మీద (రెండు ఫ్రేములకి ఒక బొమ్మ) గీసినా ఒక పాత్రకి 2,880 బొమ్మలు. 16 వారాల్లో మొదటి నాలుగు యానిమేటిక్‌కి, మోడల్ షీట్లకి (పాత్ర ఎలా ఉండాలో చూపే బొమ్మలు), వాయిస్ రికార్డింగ్‌కి పోతాయి. చివరి మూడు కంపోజిటింగ్ (పాత్రల్ని బ్యాక్‌గ్రౌండ్‌తో కలపడం), సౌండ్, రెండర్‌కి (తుది ఫ్రేములు తీయడం). మిగిలినవి 9 వారాలు, అంటే 45 పనిదినాలు. రఫ్, క్లీనప్, కలర్ అన్నీ కలిపి విద్యార్థి రోజుకు ఒక సెకను పూర్తి చేస్తే బాగా చేసినట్టే. ముగ్గురికి 135 సెకన్లు వస్తాయి. కాబట్టి మీ ఫిల్మ్ రెండుంపావు నిమిషాలది. ఇప్పుడు కోస్తే కథ నిలబడుతుంది. పన్నెండో వారంలో కోస్తే పూర్తయిన షాట్లే చెత్తబుట్టలోకి వెళ్తాయి.

పంపకం విషయం. మొత్తం షాట్లవారీగా పంచుకుంటే ఒకే పాత్ర ముగ్గురి చేతుల్లో ముగ్గురు మనుషులవుతుంది. కళ్ల మధ్య దూరం, గడ్డం పొడవు, మెడ మందం, ఈ మూడూ ముందు జారతాయి. పూర్తిగా దశలవారీగా పంచుకుంటే రఫ్ వచ్చేదాకా క్లీనప్ మనిషి ఖాళీగా కూర్చుంటాడు, ఆ తర్వాత పనంతా అతని మీదే పడుతుంది. రెండూ కలపండి. రఫ్ యానిమేషన్ సీక్వెన్సులవారీగా ముగ్గురూ చేయండి. క్లీనప్‌కి మాత్రం పాత్రకొక మనిషి: మొదటి పాత్ర ఎవరి సీక్వెన్సులో ఉన్నా దాని క్లీనప్ ఒకరిదే, రెండో పాత్రది ఇంకొకరిదే. మూడో మనిషి ఇన్‌బిట్వీన్లు (ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చేవి), కలర్ చూసుకుంటారు.

మోడల్ షీట్‌లో ఐదు కోణాల టర్న్‌అరౌండ్‌తో ఆగకండి. చేతివేళ్లు, నోటి ఆకారాలు, పక్కపక్కన నిలబెట్టిన రెండు పాత్రల ఎత్తు కూడా వేయండి. క్లోజప్, మిడ్, లాంగ్ షాట్లకి గీత మందం ఎంతో రాసి పెట్టండి. ఇది రాయకపోతే ఒక కట్‌లో గీత లావుగా, మరుసటి కట్‌లో సన్నగా వస్తుంది. ప్రేక్షకుడికి కారణం తెలియదు గానీ కన్ను ఇబ్బంది పడుతుంది.

రెండర్‌నోడ్

పైవారి లెక్కతో ఏకీభవిస్తాను. ఫైళ్ల సంగతి నేను చెప్తాను.

ఐదుగురి దగ్గరా ఒకే బ్లెండర్ వెర్షన్ ఉండాలి. 4.3లో గ్రీజ్ పెన్సిల్‌ని లోపలి నుంచి తిరగరాశారు, అందులో సేవ్ చేసిన గీతలు 4.2లో తెరుచుకోవు. అందరూ 4.5 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్టు ఉన్న వెర్షన్) వేసుకుని జ్యూరీ అయ్యేదాకా అప్‌డేట్ ముట్టుకోకండి.

గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌కి మంచిదే. కానీ ఒకే ఫైల్‌ని ఇద్దరు ఒకేసారి తెరిచి సేవ్ చేస్తే రెండు కాపీలు తయారవుతాయి, లేదా ఒకరి పని మీద ఇంకొకరిది పడుతుంది. అందుకే షాట్‌కొక ఫైల్, ఫైల్‌కొక యజమాని. ఒక స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి షాట్ ఎదురుగా ఎవరి దగ్గర ఉందో రాయండి. ఫైల్ పేరులో సీన్ నంబర్, షాట్ నంబర్, దశ, వెర్షన్, ఎప్పుడూ ఇదే వరుస. షాట్ నంబర్లు పదేసి చొప్పున పెంచండి (010, 020, 030). మధ్యలో కొత్త షాట్ పుడితే 025 అని పెట్టుకోవచ్చు. ‘ఫైనల్’ అన్న మాట పేర్లలోకి రానివ్వకండి.

సెట్‌ని షాట్ ఫైల్లోకి అపెండ్ (కాపీ) చేయకండి, లింక్ చేయండి. అప్పుడు 3డీ మనిషి తలుపు రంగు మారిస్తే అన్ని షాట్లలోనూ మారుతుంది. పాత్‌లు (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామాలు) రిలేటివ్‌గా, అంటే షాట్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కించేలా ఉండాలి, ప్రాజెక్టు ఫోల్డర్ నిర్మాణం ఐదు మెషీన్లలోనూ ఒకేలా ఉండాలి. టెక్స్‌చర్లు గులాబీ రంగులో వస్తున్నాయంటే పాత్ తెగిందని అర్థం.

చాలామంది జారిపడే చోటు ఇంకొకటి ఉంది. బ్లెండర్‌లో మామూలు 3డీ ఫైల్ ఏజీఎక్స్ వ్యూ ట్రాన్స్‌ఫామ్‌తో (తెర మీద రంగులు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగ్) తెరుచుకుంటుంది, 2డీ యానిమేషన్ టెంప్లేట్ స్టాండర్డ్‌తో. 3డీ మనిషి ఫైల్లోకి పాత్రని తెస్తే ప్యాలెట్‌లో ఎంచుకున్న ఎర్ర చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు కలర్ చేసేవాళ్లు రంగు పెంచుతారు, ఇంకో షాట్‌లో అదే చీర మండిపోతుంది. మొదటి రోజే ఒకటి ఖాయం చేసుకోండి. మీలాంటి ఫిల్మ్‌కి స్టాండర్డ్ మేలు, సెట్ లైటింగ్ దాని కిందే సరిచేసుకోవాలి.

రెండర్ ఎప్పుడూ పీఎన్‌జీ సీక్వెన్సుగానే (ఫ్రేముకొక బొమ్మ ఫైలు). ఎంపీ4గా పెడితే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఫైలంతా పోతుంది. బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో ఫ్రేముకి 2 నిమిషాలు పట్టిందనుకోండి. 135 సెకన్లకి 3,240 ఫ్రేములు, అంటే 108 గంటలు. ల్యాబ్‌లో ఆరు మెషీన్లు దొరికితే 18 గంటలు. షేర్డ్ ఫోల్డర్‌కి అవుట్‌పుట్ ఇచ్చి, ఓవర్‌రైట్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ (ఫ్రేము మొదలవగానే ఖాళీ ఫైలు పెట్టే ఆప్షన్) టిక్ చేసి, అన్ని మెషీన్లలో అదే ఫైల్ రెండర్ కొట్టండి. ఏ మెషీన్‌కి దొరికిన ఫ్రేము అది తీసుకుంటుంది. మధ్యలో ఏ మెషీనైనా ఆగిపోతే 0 కేబీ ఫైళ్లు మిగులుతాయి. వాటిని వెతికి తీసేసి మళ్లీ నడపాలి, లేకపోతే ఎడిట్‌లో నల్ల ఫ్రేములు తగులుతాయి.

అసలు కెమెరా కదలని షాట్లకి బ్యాక్‌గ్రౌండ్ ఒక్క ఫ్రేము రెండర్ చేస్తే చాలు, పాత్రల్ని దాని మీద కంపోజిట్ చేయండి. 108 గంటల్లో చాలా భాగం అక్కడే తగ్గిపోతుంది.

పెన్సిల్‌ముక్క

చాలా థ్యాంక్స్ అండీ. ఏజీఎక్స్ సంగతి చూశాం, మా ఫైళ్లలో అచ్చం అలాగే ఉంది. నిడివి రెండుంపావుకి తగ్గిస్తున్నాం. ఇంకో మాట: టైమింగ్ తెలియడానికి మా గొంతులతోనే ఫోన్‌లో రికార్డు చేసి యానిమేట్ చేసేసి, అసలు వాయిస్ చివర్లో డబ్ చేయిద్దామనుకున్నాం. పర్వాలేదా?

డబ్బింగ్‌గది

వద్దు. తాత్కాలిక గొంతుతో యానిమేటిక్ వరకు చేసుకోండి. ఒక్క నోరు గీయకముందే అసలు వాయిస్ చేతిలో ఉండాలి. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ మాట మీద ఒత్తాడో పాత్ర భుజాలు, కనుబొమలు దాన్నిబట్టే కదులుతాయి. తర్వాత డబ్ చేస్తే నోరు సరిపోతుందేమో గానీ ఒళ్లు సరిపోదు.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. గట్టిగా అరిచే మాట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టండి. ఫ్యాను, ఏసీ ఆపేసి, గోడలకి బొంతలు, పరుపులు ఆనించిన చిన్న గది చాలు. ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని కూడా అర నిమిషం పట్టుకోండి, మాటల మధ్య ఖాళీల్లో అతకడానికి కావాలి.

టూల్ అంటే రూబార్బ్ లిప్ సింక్ ఉచితం. దాని మామూలు రికగ్నైజర్ (మాట గుర్తించే భాగం) ఇంగ్లీషుకి, మీరు శబ్దాల్ని మాత్రమే చూసే ఫొనెటిక్ రికగ్నైజర్ ఎంచుకోవాలి. ఆరు మూల నోటి ఆకారాలకి టైమింగ్ ఇస్తుంది. అది చిత్తుప్రతి మాత్రమే, ఆపైన చేతితో దిద్దాలి.

దిద్దేటప్పుడు తెలుగు నోరు గుర్తుపెట్టుకోండి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ‘వచ్చాడు’ అన్నాక పెదవులు గుండ్రంగా ఉండి నెమ్మదిగా వదులవ్వాలి, టక్కున మూసేయకూడదు. ‘అన్నం’, ‘పుస్తకం’ లాంటివాటికి చివర పెదవులు కలవాలి. ప, బ, మ వచ్చినచోట మూసిన నోరు కనీసం రెండు ఫ్రేములు కనిపించాలి. టూస్ మీద గీస్తుంటే ఆ మూత ఒక ఫ్రేము ఆలస్యంగా పడొచ్చు, అక్కడ నోటి లేయర్ ఒక్కటీ వన్స్ మీద (ఫ్రేముకొక బొమ్మ) పెట్టండి. నోరు శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందుంటేనే సహజంగా అనిపిస్తుంది. ‘వ’కి ఇంగ్లీషు చార్టులోలా పళ్లతో కింది పెదవిని నొక్కి పట్టినట్టు గీయకండి, మనం అంత గట్టిగా పలకం.

ఎడిటర్ గారికి ప్రత్యేకంగా: టైమ్‌లైన్ సెకనుకు 24 ఫ్రేముల్లోనే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. షాట్లు 24లో చేసి 25 టైమ్‌లైన్‌లో ఫ్రేముకి ఫ్రేముగా పరిస్తే 3,240 ఫ్రేములు 129.6 సెకన్లకే అయిపోతాయి. సౌండ్ మాత్రం 135 సెకన్లది. మొదటి షాట్‌లో ఏమీ తెలియదు, చివరి డైలాగుకి నోరు 5 సెకన్లు ముందుంటుంది. ప్రతి షాట్‌కి ముందూ వెనకా 8 ఫ్రేములు అదనంగా ఇమ్మని యానిమేటర్లకి చెప్పండి, లేకపోతే కట్ జరపడానికి చోటుండదు.

లైట్‌టేబుల్

ఇంకొకటి మర్చిపోయాను: దర్శకత్వం. పారిస్‌లోని యానిమేషన్ కాలేజీ గోబ్లాన్‌లో గ్రాడ్యుయేషన్ ఫిల్మ్‌కి బృందం మొత్తం దర్శకులుగా పేర్లు వేసుకుంటారు, మీరూ అలాగే వేసుకోవచ్చు. కానీ షాట్ ఓకే అనే మాట ఒక్కరి నోటి నుంచే రావాలి. సోమవారం, గురువారం అరగంట చొప్పున కూర్చుని షాట్లని విడిగా కాకుండా ఎడిట్‌లో వరుసగా చూడండి. దిద్దుబాట్లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా వద్దు. షాట్ నంబర్, ఫ్రేము నంబర్, ఏం మార్చాలి, ఈ మూడూ షీట్‌లో రాయండి. రఫ్‌లో ఓకే అయిన షాట్‌కి క్లీనప్ తర్వాత నటన మార్పులు అడగకూడదని క్రెడిట్లతో పాటే ఈ వారం రాసుకుని ఐదుగురూ సంతకం పెట్టండి.