ఆకాశం వేస్తుంటే గీతలు పడుతున్నాయి, ఏం మార్చాలి?

వాటర్ కలర్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది, ఉండేది హన్మకొండ. ఖిలా వరంగల్ తోరణం పెన్సిల్ గీత వరకు బాగానే కుదురుతోంది. పాడయ్యేది దాని వెనక ఆకాశమే. నీలం పై నుంచి కిందికి లాగుతుంటే, సగానికి వచ్చేసరికి పైన వేసింది ఆరిపోయి అంచు వెంట ముదురు గీత కడుతోంది. సరిచేద్దామని తడి బ్రష్ పెడితే అక్కడ గోబీ పువ్వులా మరక విచ్చుకుంటోంది. బొమ్మంతా పోయినట్టే.

ఏ4 సైజు, 300 జీఎస్ఎం మామూలు పేపర్ (కాటన్ కాదు), 8వ నంబర్ రౌండ్ బ్రష్. వేసేది మధ్యాహ్నం మూడింటికి. ఫ్యాన్ ఆపి చూశాను, నాలుగు వైపులా టేప్ వేశాను, బోర్డు కొంచెం వాల్చాను. కాగితం ముందే తడిపితే కాస్త నయం, కానీ ఈ ఎండలకు రెండు నిమిషాల్లో ఆరిపోతోంది.

ఇదే పేపర్ మీద గీత పడకుండా ఆకాశం రావాలంటే ముందు ఏది మార్చాలి: బ్రష్ సైజా, రంగులో నీళ్ల పాళ్లా, వేసే టైమా?